పాతిక సెంట్ల కూలి... 57 ఏళ్ల కొలువు

చేతిలో డిగ్రీ పట్టా ఉంది. కొత్తగా పెళ్లయింది. చదువుకు తగ్గ ఉద్యోగం మాత్రం లేదు. ఇల్లు గడవాలి కదా అని పశువుల దాణా తయారుచేసే మిల్లులో కూలికి చేరాడు ఓ 22 ఏళ్ల కుర్రాడు. గంటకు పాతిక సెంట్లు. అంటే డాలరులో నాలుగో వంతు. అమెరికాలోని లూసియానా రాష్ట్ర రాజధాని బేటన్ రూజ్‌లో, 1941లో సంగతి ఇది.

ఆ కుర్రాడి పేరు ఎడ్డీ రాబిన్సన్. 44 ఏళ్లు గడిచేసరికి అమెరికా కాలేజీ ఫుట్‌బాల్‌లో అందరికంటే ఎక్కువ మ్యాచ్‌లు గెలిపించిన కోచ్‌గా దేశమంతా అతని పేరు తెలిసింది. మధ్యలో ఉద్యోగం మారలేదు, ఊరు మారలేదు. ‘ఒకే చోట ఉంటే ఎదుగుదల ఉండదు’ అని మీకు ఈపాటికి ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. రాబిన్సన్ కథ ఆ మాటకు పూర్తిగా ఎదురూ కాదు, పూర్తిగా సమర్థనా కాదు. చదివి మీరే తేల్చుకోండి.

ముందు ఒక మాట. ఇక్కడ ఫుట్‌బాల్ అంటే మనం టీవీలో ప్రపంచకప్ చూసే ఆట కాదు. కోడిగుడ్డు ఆకారపు బంతి, తలకు హెల్మెట్, భుజాలకు ప్యాడ్లు. బంతిని చేత్తో విసరొచ్చు, చంకలో పెట్టుకుని పరిగెత్తొచ్చు. అక్కడ కాలేజీ జట్ల ఆటకు కూడా వేలమంది టికెట్ కొనుక్కుని వస్తారు. శనివారం మ్యాచ్ ఉందంటే ఊరంతా అక్కడే.

అదే ఊళ్లో ఉన్నా సీటు లేదు

రాబిన్సన్ 1919లో లూసియానాలోని జాక్సన్ అనే చిన్న ఊళ్లో పుట్టాడు. తండ్రి పంటలో వాటా ఇచ్చే పద్ధతిన పాలుకు సాగు చేసేవాడు. తల్లి వేరేవాళ్ల ఇళ్లలో పనిచేసేది. ఒక్కడే సంతానం. కుటుంబం బేటన్ రూజ్‌కు వలస వచ్చాక అక్కడే బడికెళ్లాడు. మూడో తరగతిలో ఉండగా ఒక హైస్కూల్ కోచ్ తన జట్టును వెంటబెట్టుకుని వాళ్ల బడికి వచ్చాడట. మిగతా పిల్లలంతా ఆటగాళ్ల కండలు చూసి ముచ్చటపడుతుంటే రాబిన్సన్ కళ్లు కోచ్ మీదున్నాయి. అంత పెద్ద కుర్రాళ్లు ఆయన చెప్పినట్టు వింటున్నారే అని ఆశ్చర్యం. పెద్దయ్యాక ఏం కావాలో ఆ రోజే తేలిపోయింది.

బేటన్ రూజ్‌లోనే లూసియానా స్టేట్ యూనివర్సిటీ ఉంది. ఆ రాష్ట్రంలో అదే పెద్దది. కానీ అప్పట్లో అక్కడ నల్లజాతి పిల్లలకు సీటివ్వరు. బస్సులో వేరే సీట్లు, హోటల్లో ప్రవేశం లేదు, ఆస్పత్రిలో వేరే వార్డు అనే రోజులవి. అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో ఇదంతా చట్టప్రకారమే జరిగేది. అందుకే నల్లజాతీయులు చదువుకోవడానికి విడిగా కాలేజీలు వెలిశాయి. 1964కు ముందు ఇలా ఏర్పడ్డ సంస్థలకు అక్కడి చట్టంలో ఇప్పటికీ ప్రత్యేక గుర్తింపు ఉంది. వంద దాకా నేటికీ నడుస్తున్నాయి.

రాబిన్సన్ అలాంటి ఒక చిన్న కాలేజీలో, లీలాండ్‌లో చేరాడు. క్వార్టర్‌బ్యాక్‌గా ఆడాడు. జట్టులో బంతి ముందుగా చేతికందేది, ఎవరికి విసరాలో, ఏ ఎత్తు వేయాలో క్షణాల్లో నిర్ణయించేది ఈ క్వార్టర్‌బ్యాకే. ఈ మాట గుర్తుపెట్టుకోండి, కాసేపట్లో దీంతో పని ఉంది. 1941లో డిగ్రీ వచ్చింది. ఆ ఏడాదే డోరిస్‌ను పెళ్లాడాడు. కోచ్ ఉద్యోగం ఎక్కడా కనిపించలేదు. దాణా మిల్లు అలా వచ్చింది.

ఒక్కడే కోచ్, ఒక్కడే అన్నీ

ఉత్తర లూసియానాలో గ్రాంబ్లింగ్ అనే పల్లెలాంటి ఊళ్లో ఒక నల్లజాతి కాలేజీ కోచ్ కోసం చూస్తోందని తెలిసినవాళ్ల ద్వారా కబురొచ్చింది. బేటన్ రూజ్ నుంచి సుమారు 300 కిలోమీటర్లు. ఆ కాలేజీ పుట్టుకే విచిత్రం. చుట్టుపక్కల నల్లజాతి రైతులు తమ పిల్లలకు చదువు కావాలని పూనుకుని సాయం అడిగితే, టస్కీగీ నుంచి బుకర్ టి. వాషింగ్టన్ తన దగ్గర చదువుకున్న ఛార్లెస్ ఆడమ్స్‌ను పంపాడు. 1901లో బడి మొదలైంది. రాబిన్సన్ వెళ్లేనాటికి ప్రిన్సిపాల్ హోదాలో ఉన్నది రాల్ఫ్ వాల్డో ఎమర్సన్ జోన్స్. కాలేజీని నడుపుతూనే బేస్‌బాల్ జట్టుకు కోచ్‌గా కూడా ఉండేవాడాయన. 22 ఏళ్ల కుర్రాడిని నమ్మి ఉద్యోగమిచ్చాడు. జీతం నెలకు 63 డాలర్ల 75 సెంట్లు.

లెక్కేసి చూడండి. మిల్లులో రోజుకు పది గంటల చొప్పున నెలకు 26 రోజులు చేస్తే 65 డాలర్లు వస్తాయి. డిగ్రీ చదివిన ఉద్యోగం కూలిపని కంటే ఓ డాలరు తక్కువే! మనలో చాలామంది ఇక్కడే ఆగిపోతాం. రాబిన్సన్ పెట్టె సర్దుకున్నాడు.

వెళ్లాక చూస్తే అక్కడ కోచ్ అంటే ఆయనొక్కరే. సహాయకుడంటే కాలేజీ నైట్ వాచ్‌మన్. మైదానంలో గడ్డి కోయడం, సున్నంతో గీతలు గీయడం, ఆటగాళ్ల కాళ్లకు పట్టీలు కట్టడం, మ్యాచ్ అయ్యాక పత్రికలకు వార్త రాసి పంపడం అన్నీ ఆయన పనే. పై ఊళ్లకు ఆడటానికి వెళ్తే దారిలో ఏ హోటలూ ఈ పిల్లల్ని లోపలికి రానివ్వదు. అందుకని బయల్దేరే ముందు కూర్చుని అందరికీ సాండ్‌విచ్‌లు చేసి మూటగట్టేవారు. ఆఫర్ లెటర్లో ఇవేవీ ఉండవు కదా.

మొదటి ఏడాది మూడు గెలిచి అయిదు ఓడారు. రెండో ఏడాది, 1942లో, ఆడిన తొమ్మిదీ గెలిచారు. అంతేకాదు, ఆ సీజన్ మొత్తంలో ఎదుటి జట్లలో ఒక్కటంటే ఒక్కటి కూడా వాళ్ల మీద ఒక్క పాయింటు చేయలేకపోయింది. కాలేజీ ఫుట్‌బాల్ చరిత్రలోనే ఇది అరుదు.

తర్వాతి రెండేళ్లు ప్రపంచయుద్ధం. కుర్రాళ్లు సైన్యంలోకి వెళ్లారు, కాలేజీకి జట్టే లేదు. రాబిన్సన్ ఆ ఊరి హైస్కూల్ పిల్లలకు ఆట నేర్పారు. అప్పటి కథ ఒకటి బాగా చెప్పుకుంటారు. జట్టులో ఇద్దరు అన్నదమ్ములు మంచి ఆటగాళ్లు. పత్తి ఏరే రోజులొచ్చాయని వాళ్ల నాన్న ఇద్దరినీ ఆట మాన్పించాడు. ఇంకో కోచ్ అయితే వెళ్లి బతిమాలేవాడు, లేదా వాళ్ల బదులు వేరేవాళ్లను తీసుకునేవాడు. రాబిన్సన్ జట్టు మొత్తాన్ని తీసుకెళ్లి ఆ చేలో దింపారు. అందరూ కలిసి పత్తి ఏరేశారు. పనైపోయింది, అన్నదమ్ములు మళ్లీ మైదానానికొచ్చారు. పాలుకు సాగు చేసే ఇంట్లో పుట్టినవాడికి ఆ తండ్రి ఇబ్బంది ఏమిటో వేరే చెప్పాలా?

పొద్దున్నే ఆవుగంట

గ్రాంబ్లింగ్ హాస్టల్లో ఉన్న ఆటగాళ్లను ఎవరినడిగినా మొదట చెప్పేది గంట గురించే. తెల్లారేసరికి ఆవు మెడలో కట్టే గంట పట్టుకుని రాబిన్సన్ వరండాలో మోగించుకుంటూ తిరిగేవారు. ప్రాక్టీసుకు కాదు, క్లాసుకు! ఆట బాగా ఆడతాడు కదా అని చదువులో వదిలేయడం ఆయనకు తెలియదు. వేసవి సెలవుల్లో తనూ చదువుకునేవారు. దక్షిణాదిలో పెద్ద యూనివర్సిటీలు రానివ్వవు కాబట్టి ఉత్తరాన ఐయోవా యూనివర్సిటీకి వెళ్లి 1954లో మాస్టర్స్ డిగ్రీ తెచ్చుకున్నారు. అప్పటికే ఉద్యోగంలో చేరి 13 ఏళ్లు.

ఇంకో సంగతి. ఆయన ఆటగాళ్లు ప్రయాణాల్లో కోటూ టై వేసుకోవాలి. టై ముడి ఎలా వేయాలో, పదిమందిలో భోజనానికి కూర్చుంటే ఫోర్కూ కత్తీ ఎలా పట్టాలో, విలేకరి ప్రశ్న అడిగితే ఎలా జవాబివ్వాలో ఆయనే నేర్పేవారు. ఇప్పుడు మీ కాలేజీలో సాఫ్ట్ స్కిల్స్ అని పెడుతున్నారే, దాదాపు అదే. తేడా ఒకటుంది. ఈ పిల్లలు పల్లెల నుంచి, చేల నుంచి వచ్చినవాళ్లు. వెళ్లబోయేది తమను వద్దనుకునే చోటుకి. చిన్న పొరపాటు దొరికినా వాళ్లను పక్కనపెట్టడానికి అది చాలు.

1949లో పాల్ యంగర్ అనే ఆటగాడికి లాస్ ఏంజెలస్ రామ్స్ జట్టు నుంచి పిలుపొచ్చింది. అందరూ ట్యాంక్ అని పిలిచేవారు, మనిషి అలా ఉండేవాడు. అప్పటిదాకా నల్లజాతి కాలేజీ నుంచి ఒక్కరు కూడా నేషనల్ ఫుట్‌బాల్ లీగ్‌లోకి, అంటే అక్కడి అతిపెద్ద ప్రొఫెషనల్ పోటీల్లోకి అడుగుపెట్టలేదు. పంపే ముందు రాబిన్సన్ అతణ్ని కూర్చోబెట్టి నచ్చజెప్పారు. అతను విఫలమైతే నష్టం అతనొక్కడిది కాదు. ఈ కాలేజీల్లో మంచివాళ్లు లేరని చెప్పి ఆ తలుపు మళ్లీ చాన్నాళ్లు తెరవరు. ఇరవై ఒకటో ఏట ఒకడి నెత్తిన అంత బరువు పెట్టడం న్యాయమా అంటే కాదు. కానీ అది రాబిన్సన్ పెట్టిన బరువు కాదు. ఉన్నదాన్ని ఆయన దాచలేదు, అంతే. యంగర్ నిలబడ్డాడు. పదేళ్లు ఆడాడు. తర్వాత జట్టు యాజమాన్యంలో పెద్ద ఉద్యోగమూ చేశాడు.

మీ ఇంట్లో మొదటి గ్రాడ్యుయేట్ మీరే అయితే, మీ ఊరి నుంచి ఓ కంపెనీలోకి వెళ్లిన మొదటివారు మీరే అయితే, ఆ బరువు కొంచెం మీకూ తెలిసే ఉంటుంది.

తర్వాత దారి పడింది. 1963లో అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ కొత్త ఆటగాళ్లను ఎంచుకుంటే అందరికంటే ముందుగా తీసుకున్న పేరు గ్రాంబ్లింగ్ కుర్రాడు బక్ బుకానన్‌ది. విల్లీ డేవిస్, విల్లీ బ్రౌన్, ఛార్లీ జాయినర్... ఇలా ఆ ఒక్క కోచ్ చేతికింద తయారై ప్రొఫెషనల్ జట్లకు వెళ్లినవాళ్లు 200 మందికి పైనే.

అయినా ఒక్క స్థానం మాత్రం మూసే ఉంది. అదే క్వార్టర్‌బ్యాక్. నల్లజాతి ఆటగాళ్లు పరిగెత్తగలరు, ఢీకొట్టగలరు, కానీ జట్టును నడిపే బుర్ర వాళ్లకు ఉండదని తెల్ల యాజమాన్యాలు తీర్మానించుకున్నాయి. కాలేజీలో క్వార్టర్‌బ్యాక్‌గా ఆడిన నల్లజాతి కుర్రాడు ప్రొఫెషనల్ జట్టుకెళ్తే వేరే స్థానానికి మార్చేసేవారు. రాబిన్సన్ జేమ్స్ హారిస్‌ను ఆ ఒక్క స్థానం కోసమే నాలుగేళ్లు తయారుచేశారు. 1969 ఎంపికల్లో అతణ్ని ఎనిమిదో రౌండుదాకా ఎవరూ తీసుకోలేదు. స్థానం మార్చుకుంటే ముందే తీసుకునేవారు. అతను మార్చుకోనన్నాడు. ఆఖరికి బఫలో బిల్స్ జట్టు తీసుకుంది. ఆ ఏడాది సీజన్ మొదటి మ్యాచ్‌లోనే క్వార్టర్‌బ్యాక్‌గా బరిలోకి దిగాడు. ఆధునిక కాలంలో అలా దిగిన మొదటి నల్లజాతి ఆటగాడు అతనే.

ఆ దారిలోనే డగ్ విలియమ్స్ వచ్చాడు. 1988 జనవరి 31న, సూపర్ బౌల్. ఇది ఆ దేశంలో ఏడాదికోసారి జరిగే ఫైనల్. వాషింగ్టన్ జట్టుకు విలియమ్స్ క్వార్టర్‌బ్యాక్. ఎదుటి డెన్వర్ జట్టు 10-0తో ముందుంది. రెండో క్వార్టర్‌లో, అంటే పావుగంట ఆటలో, విలియమ్స్ విసిరిన బంతులు నాలుగు టచ్‌డౌన్లయ్యాయి. 42-10తో గెలిచారు. అత్యుత్తమ ఆటగాడు అతనే. రాబిన్సన్ ఆ రోజు స్టేడియంలోనే ఉన్నారు. యంగర్‌ను సాగనంపిన నాటి నుంచి లెక్కపెడితే 39 ఏళ్లు.

బ్యాండు మేళం, కొంత కోపం

ఇదంతా పల్లెలో జరుగుతుంటే దేశానికి ఎలా తెలిసింది? కోలీ నికల్సన్ అనే ఆయన వల్ల. యుద్ధంలో మెరైన్ దళాల విలేకరిగా చేసి వచ్చి కాలేజీలో ప్రచార బాధ్యత తీసుకున్నాడు. దేశంలోని నల్లజాతి పత్రికలన్నిటికీ వార్తలు రాసి పంపేవాడు. మీలో జర్నలిజం, పీఆర్ చదివేవాళ్లు ఈయన గురించి విడిగా వెతికి చదవాలి. ఊళ్లో చిన్న మైదానం ఉంటే ఏం, జట్టునే పెద్ద నగరాలకు తీసుకెళ్దామన్నాడు. 1968లో న్యూయార్క్‌లోని యాంకీ స్టేడియంలో మోర్గాన్ స్టేట్ అనే మరో నల్లజాతి కాలేజీతో ఆడితే 60 వేలమందికి పైగా వచ్చారు. గ్రాంబ్లింగ్ 9-7తో ఓడింది. ఎవరికి పట్టింది? 1976లో అదే రెండు జట్లు టోక్యోలో ఆడాయి.

సగం ఆట విరామంలో బ్యాండు కోసమే వచ్చేవాళ్లూ తక్కువేం కాదు. ఈ కాలేజీల్లో బ్యాండు జట్టుతో సమానం. గ్రాంబ్లింగ్ బ్యాండు 1967లో మొట్టమొదటి సూపర్ బౌల్ విరామంలో వాయించింది. సదరన్ యూనివర్సిటీతో ఏటా నవంబరు చివర న్యూ ఆర్లీన్స్‌లో జరిగే బాయూ క్లాసిక్ 1974 నుంచీ ఉంది. బ్యాండుల పోటీ, పాత విద్యార్థుల కలయిక, కుటుంబాలతో వచ్చి రెండ్రోజులుండటం... చూస్తే తిరనాళ్లే.

అయితే అందరూ చప్పట్లు కొట్టారనుకోకండి. 1967లో గ్రాంబ్లింగ్ విద్యార్థులే ఆందోళనకు దిగారు. ఆటలకున్న పట్టింపు చదువుకు లేదన్నది వాళ్ల ఫిర్యాదు. జట్టు పేరు దేశమంతా మోగుతుంటే క్లాసుల సంగతి ఎవరు చూస్తారని అడిగారు. పలువురిని కాలేజీ నుంచి పంపేశారు. ఆ పిల్లల కోపంలో న్యాయం లేదనలేం. నల్లజాతి కాలేజీలకు రాష్ట్ర ప్రభుత్వాలు విదిల్చేది తక్కువ. ఉన్న కొద్దిలో ఆటకు ఎంత, ప్రయోగశాలకు ఎంత అన్నది నిజమైన ప్రశ్న. రాబిన్సన్ ఊరేగింపుల్లో నడిచిన మనిషి కూడా కాదు. దేశం మీద నమ్మకం పోగొట్టుకోకూడదని చెప్పే రకం. ఆ రోజుల్లో చాలామంది కుర్రాళ్లకు అది మెతకదనంగా కనిపించింది. ఆయన పోరాటం వేరే చోట జరిగింది, కానీ దాన్ని పోరాటమని అప్పుడు ఒప్పుకోవడం వాళ్లకు కష్టమే.

తలుపులు తెరిచాక

ఇక కథలో అన్నిటికంటే కష్టమైన ముక్క. 1970లు వచ్చేసరికి దక్షిణాది తెల్ల యూనివర్సిటీలు నల్లజాతి ఆటగాళ్లను చేర్చుకోవడం మొదలుపెట్టాయి. పెద్ద స్టేడియాలు, టీవీ, డబ్బు వాళ్ల దగ్గరున్నాయి. అంతకుముందు గ్రాంబ్లింగ్ తప్ప దారిలేని ప్రతిభంతా అటు మళ్లింది. ఏ తలుపులు తెరుచుకోవాలని రాబిన్సన్ కోరుకున్నారో అవి తెరుచుకోవడంతోనే ఆయన జట్టు బలం తగ్గుతూ వచ్చింది. పైగా ఆటగాళ్లకు తెరిచిన తలుపు కోచ్‌లకు తెరవలేదు. పెద్ద యూనివర్సిటీల స్థాయిలో మొదటి నల్లజాతి హెడ్ కోచ్‌గా విల్లీ జెఫ్రీస్‌ను విచిటా స్టేట్ నియమించుకుంది 1979లో. అప్పటికి రాబిన్సన్ అనుభవం 38 ఏళ్లు.

అయినా గెలుపులు ఆగలేదు. 1985 అక్టోబరు 5న డాలస్‌లో ప్రెయిరీ వ్యూ మీద 27-7తో గెలిచారు. అది 324వది. అలబామాకు చెందిన బేర్ బ్రయంట్ రికార్డు 323. పదేళ్ల తర్వాత 400 దాటారు. అంతవరకు ఏ కాలేజీ కోచ్ కూడా ఆ అంకె చూడలేదు.

అక్కడ ఆగి ఉంటే బాగుండేదేమో. ఆఖరి మూడు సీజన్లూ గెలిచినవాటికంటే ఓడినవే ఎక్కువ. కాలేజీ క్రీడల సంఘం విచారణ ఒకటి. పాత విద్యార్థుల్లోనే కొందరు ఇక చాలన్నారు. 1996లో యూనివర్సిటీ ఆయన్ను పంపించేద్దామని చూసింది. ఆ వార్త బయటకు రాగానే దేశమంతా గొడవైంది, రాష్ట్ర గవర్నర్ జోక్యం చేసుకున్నాడు. చివరికి ఇంకొక్క సీజన్‌కు ఒప్పుకున్నారు. 55 ఏళ్లు చేసినచోట ఇంకో ఏడాది ఉండనివ్వండి అని అడిగించుకోవాల్సిన పరిస్థితి. తప్పు ఎవరిదంటే చెప్పడం తేలిక కాదు. సంస్థకు ఫలితాలు కావాలి. మనిషికి అదే జీవితం. 78 ఏళ్ల వయసులో, 1997 నవంబరు ఆఖరులో, బాయూ క్లాసిక్‌లో 30-7తో ఓడి ఆయన మైదానం నుంచి బయటకొచ్చారు. లెక్క అక్కడ ఆగింది: 408 గెలుపులు, 165 ఓటములు, 15 డ్రాలు. ఆ కుర్చీలో తర్వాత కూర్చున్నది డగ్ విలియమ్స్.

రిటైరైన కొంతకాలానికే అల్జీమర్స్ పట్టుకుంది. దగ్గరుండి చూసుకున్నది డోరిస్. దాణా మిల్లు రోజుల నుంచి 65 ఏళ్లు కలిసి నడిచింది ఆమె.

2007 ఏప్రిల్ 3న రాబిన్సన్ కన్నుమూశారు. భౌతికకాయాన్ని జనం చివరిచూపు కోసం బేటన్ రూజ్‌లోని రాష్ట్ర శాసనసభ భవనంలో ఉంచారు. ఒకప్పుడు ఆయన గంటకు పాతిక సెంట్లకు పనిచేసిన ఊరే అది. కోట్లూ టైలూ వేసుకున్న పాత ఆటగాళ్లు వరసలో నిలబడి ఒక్కొక్కరే వెళ్లి చూసి వచ్చారు.